మూడోసారి అడిగినవాడు

వెనకటికి ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు ఉండేవాళ్లు. పెద్దవాడు రత్నకేతు, నడిమివాడు మీనకేతు, చిన్నవాడు శశికేతు. ఈ చిన్నవాడికి ఒక గొప్ప సుగుణం ఉండేది. తనంత మర్యాదస్థుడు భూమ్మీద ఇంకొకడు లేడని అతనికి తెలుసు. తెలిసి కూడా ఆ మాట తన నోటితో ఎన్నడూ అనలేదు. అవతలివాళ్లు అనేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు. వాళ్లు మరిచిపోతే మాటల్ని మెల్లగా ఆ వైపుకి తిప్పి, మళ్లీ ఓపిగ్గా కూర్చునేవాడు. ఇంతటి వినయం రాజుల ఇళ్లల్లో అరుదు.

వాళ్ల రాజ్యం పేరు వరిగొండ. అక్కడ గాలి కూడా కిటికీ దగ్గర ఆగి, రమ్మంటేనే లోపలికి వస్తుందని చెప్పుకునేవాళ్లు. ఆ దేశంలో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "అబ్బే, ఇప్పుడే అయింది" అనాలి. నడుమ కాసేపు లోకాభిరామాయణం నడవాలి. మూడోసారి అడిగితే "మీరు అంతగా అంటున్నారు కాబట్టి" అని చెయ్యి చాపాలి. రెండోసారికే చెయ్యి చాపినవాడికి ఎవరూ పిల్లనిచ్చేవాళ్లు కారు. మూడోసారి అడగనివాడి ఇంటికి ఎవరూ వెళ్లేవాళ్లు కారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు చాలు" అంటే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పొయ్యాలని అర్థం. అందుకే అక్కడి పిల్లలకి అక్షరాలకన్నా ముందు, వేళ్లు ఎంత ఎడంగా పెట్టాలో నేర్పేవాళ్లు. దాహమేస్తే నీళ్లు అడగరు. "ఈ ఏడు ఎండలు ముదిరాయండీ" అంటారు.

ఒకసారి కోట వెనక గడ్డివాము అంటుకుంది. కాపలావాడు పరుగెత్తుకొచ్చి రాజుగారి ఆరోగ్యం, రాణిగారి ఆరోగ్యం, పట్టపుటేనుగు ఆరోగ్యం వరసగా అడిగి తెలుసుకుని, ఆ తర్వాత సంగతి చెప్పాడు. వాము బూడిదైంది గాని మర్యాద దక్కిందని ఊరంతా సంతోషించింది.

అలాంటి దేశంలో శశికేతు పుట్టినప్పటి నుంచీ "కావాలి" అన్న మాట అని ఎరగడు. పసితనంలో పాల కోసం కూడా ఏడవలేదట. ఉయ్యాల్లో పడుకుని, ఎవరైనా గమనిస్తారేమోనని పైకప్పు కేసి చూసేవాడని దాది చెప్పి మురిసిపోయేది.

ఇలా ఉండగా పెద్దవాడు రత్నకేతు ముత్యాల కోసం సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. అన్నని వెతుకుతూ మీనకేతు వెళ్లాడు. కొన్నాళ్లకి మీనకేతుని తీసుకువెళ్లిన పడవ ఒక్కటే వెనక్కి వచ్చింది. దాని సరంగు నూకయ్య తడిబట్టలతో సభలోకి వచ్చి నిలబడ్డాడు.

"ప్రభువులు క్షేమమేనా? రాణిగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? తెల్లావు ఈనిందా?"

"పెయ్యదూడ నూకయ్యా. నీకు సముద్రం గాలి పడిందా? పడవ కులాసాయేనా?" అన్నారు రాజుగారు. సింహాసనం చేతిని పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడిపోతున్నాయి.

"మీ దయవల్ల పడవ కులాసా. బాబుగార్లే కులాసాగా లేరు ప్రభూ" అని నూకయ్య అప్పుడు అసలు సంగతి చెప్పాడు.

ఏడో సముద్రం అవతల ధూమ్రకేశుడని ఒక మాయావి ఉన్నాడు. గడప తొక్కిన ప్రతివాణ్నీ ఒకటే అడుగుతాడు. "నీకేం కావాలి?" అని ఒక్కసారే అడుగుతాడు. పెద్దబాబుగారు "ఏమీ వద్దండి" అన్నారట. ఏమీ వద్దన్నవాడికి అన్నం అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, ఊపిరీ అక్కర్లేదని ఆ మాయావి ఆయన్ని రాతిస్తంభం చేసి మండపానికి ఆనించాడు. నడిమి బాబుగారు అది చూశారు. చూసి, ఏమీ వద్దంటే ప్రమాదమని తెలుసుకుని, "మీ ఇష్టం" అన్నారు.

"అంటే?"

"వాడి ఇష్టం ప్రకారం కోడిపుంజుని చేశాడు ప్రభూ. గంప కింద పెట్టాడు. తన పుట్టినరోజు విందుకి కోయిస్తాడట. నేను చెప్పుల దగ్గర కాపలా ఉన్నాను కాబట్టి నన్నెవరూ అడగలేదు."

రాజుగారి కళ్ల వెంట నీళ్లు కారాయి. "ఏమీ వద్దన్నాడా! మా పెద్దాడే! ఎంత పొందిగ్గా అన్నాడో!" అన్నారు. సభ అంతా తల ఊపింది. రాజుగారు కళ్లు తుడుచుకుని చిన్నకొడుకు వైపు తిరిగి, "నాయనా, నువ్వు గాని…" అన్నారో లేదో, "వెళ్తాను" అన్నాడు శశికేతు.

మొదటిసారికే! సభ సిగ్గుతో తలదించుకుంది. అన్నల మీద ప్రేమకొద్దీ అన్న మాట కాబట్టి ఎవరూ పైకి ఏమీ అనలేదు. మొదటి సముద్రం దాటేదాకా శశికేతు ఆ మాట తలుచుకుని చెవులు ఎర్రబడేలా సిగ్గుపడుతూనే ఉన్నాడు.

నూకయ్య పడవ ఒక సముద్రం దాటింది, రెండో సముద్రం దాటింది, మూడో సముద్రం దాటి నేరేడు దీవిలో ఆగింది. "ఇక్కడి నుంచి అలలు పెద్దవి బాబుగారూ. కిందటిసారే పడవ అడుగు చీలింది, కులాసా అని మర్యాదకి అన్నాను. ఇక తట్టుకోలేదు" అని నూకయ్య వెనక్కి మళ్లాడు. ఒడ్డునే ఒక అవ్వ పూటకూళ్ల ఇల్లు ఉంది. ఆ దీవిలో ఎవర్నీ అడగరు. మనిషి కనపడగానే భుజం పట్టి కూర్చోబెట్టి వడ్డించేస్తారు. శశికేతుకి వద్దనే అవకాశమే చిక్కలేదు. అవ్వ సొరకాయ పులుసు పోసింది. అతను తిన్నాడు. తిని చేతులు జోడించి, "అమ్మా, అమృతం. ఇలాంటి పులుసు మా కోటలో కూడా తినలేదు" అన్నాడు.

అవ్వ మొహం వాడిపోయింది. గరిటె కింద పెట్టి పమిట చెంగు కళ్లకి అద్దుకుంది.

"నేనేం పాపం చేశాను బిడ్డా? నన్ను ఇంత పరాయిదాన్ని చేశావు?"

"పొగిడానమ్మా!"

"అదే కదా నా బాధ! సుంకాలు వసూలు చేసేవాడు పొగుడుతాడు. దారిన పోయేవాడు పొగుడుతాడు. ఇంటివాడైతే ఇది పులుసా, కుడితా అని గిన్నె తోస్తాడు. మా ఆయన బతికినన్నాళ్లూ నా వంటకి వంక పెట్టాడు, బంగారం లాంటి మనిషి. ఒక్కరోజు బాగుందన్నాడు. వెంటనే వైద్యుణ్ని పిలిచాను. అప్పటికే ఆలస్యమైపోయింది."

తినేవాడు పెట్టినవాళ్లని తప్పుపట్టడమా! కానీ ముసలమ్మ ఏడుస్తోంది. శశికేతు కళ్లు మూసుకుని, "ఉప్పు…" అన్నాడు.

"ఆ! ఉప్పు?"

"కొద్దిగా…"

"ఎక్కువా? తక్కువా? చెప్పు తండ్రీ!"

"తక్కువైందమ్మా."

"నా నాయనే!" అని అవ్వ అతని బుగ్గలు రెండూ పుణికింది. అప్పుడు సొంత మనవడికి చెప్పినట్టు దారి చెప్పింది. ఈ అలల కాలంలో ఇక్కడి నుంచి పడవలు పోవు. ఇసకతిన్నెల అవతల ఒక గూడబాతు ఉంది. అది మాట్లాడుతుంది. దాని వీపు మీద ఎక్కితే మూడు సముద్రాలు దాటిస్తుంది.

ఇసకతిన్నెల అవతల నిజంగానే ఏనుగు గున్నంత గూడబాతు ఉంది గాని, వలలో చిక్కుకుని ఉంది. శశికేతు కత్తి తీసి తాళ్లు కోశాడు. కోసి, కృతజ్ఞతలు చెబుతుందని చూశాడు. చెబితే "అబ్బే, నేనెంత" అనడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"ఎడమ కాలి దగ్గర ఇంకో ముడి ఉంది. కనపడ్డం లేదా?" అంది గూడబాతు.

ఆ ముడి కూడా కోశాడు. గూడబాతు రెక్కలు దులిపి, "ఎక్కు" అంది. అంతే. శశికేతు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నా, తన మర్యాద తను వదలకూడదు కదా! ఒక సముద్రం దాటాక గొంతు సవరించుకుని, "ఓ పక్షిరాజమా! మీరు చేస్తున్న ఈ మహోపకారానికి నేనూ, నా వంశమూ ఎన్ని జన్మలెత్తినా…" అని మొదలుపెట్టాడు. గూడబాతు గాల్లోనే పక్కకి ఒరిగింది. అతను దాని ఈకలు పట్టుకుని వేలాడాడు.

"నేనేం తప్పు చేశానని తెగతెంపులు చేసుకుంటున్నావు?" అంది కోపంగా.

"కృతజ్ఞతలు చెబుతున్నాను!"

"మా జాతిలో ఆ మాట, ఇక నీ మొహం చూడను అన్నప్పుడు అంటారు. ఉపకారం చేసినవాడితో చుట్టరికం నిలవాలంటే వాణ్ని ఇంకోటి అడగాలి. నిన్ను నేను ఇంకో ముడి విప్పమన్నానా లేదా? నాకు నువ్వంటే అంత అభిమానం కలిగిందన్నమాట. ఏదీ, నన్నేమైనా అడుగు."

శశికేతు రెండో సముద్రం పొడుగునా ఆలోచించాడు. మూడో సముద్రం మీద ఎండ నెత్తి మాడుస్తుంటే, "ఈ ఏడు ఎండలు ముదిరాయండీ" అన్నాడు.

"అది అడగడం కాదు, గొణగడం" అంది గూడబాతు. కానీ కాస్త కిందికి దిగి, మబ్బు నీడలో ఎగిరింది.

మూడు సముద్రాలూ దాటి మెట్టరేవు అనే దేశంలో దింపింది. రేవులో ఒక అమ్మాయి నార తాడు పేనుతోంది. ఆ దేశపు రాజుగారి కూతురు విరజ. అక్కడ రాజుల బిడ్డలకి కూడా పని ఉంటుంది. మంత్రినీ, గాడిదనీ, కన్నతండ్రినీ ఒకేలా "నువ్వు" అని పిలుస్తారు.

"ఎవరు నువ్వు? దేనికొచ్చావు? అన్నం తింటావా?" అంది విరజ.

తన ఈడు పరాయి పిల్ల వరిగొండ రాజకుమారుణ్ని "నువ్వు" అనడం అదే మొదలు. శశికేతు తమాయించుకుని, ఎవరో, దేనికొచ్చాడో చెప్పి, చివరికి చిరునవ్వుతో "అబ్బే, అన్నం వద్దండి" అన్నాడు.

"సరే" అంది విరజ. అతని ఎదురుగానే కూర్చుని, ముద్దలు చేసుకుని హాయిగా తింది. గిన్నె కడిగి బోర్లించింది. శశికేతు రెండో అడుగు కోసం ఎదురుచూస్తూ చిరునవ్వు అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. రెండో రోజు కూడా అడిగింది. ఇది నిన్నటి దాని తరువాయా, కొత్త లెక్కా అన్నది తేల్చుకోలేక వద్దన్నాడు. "సరే" అంది. మూడో రోజు ఆమె పొయ్యి మీద చేప కాలుస్తుంటే, ఆ వాసనకి శశికేతు ఉన్నచోటే కూలిపోయాడు.

విరజ మొహాన నీళ్లు చల్లింది. "ఆకలేస్తోందా?"

"…అవునండి."

"మరి తింటావా అంటే వద్దన్నావు?"

"మీరు రెండోసారి అడగలేదు."

"మొదటిసారి అబద్ధం చెప్పావా?"

శశికేతు లేచి కూర్చున్నాడు. "అబద్ధం కాదండీ, మర్యాద! నా మొహం చూస్తే ఆకలి కనపడలేదా మీకు?"

"ఎందుకు కనపడలేదు? కళ్లు గుంటలు పడ్డాయి. కానీ మనిషి నోటితో వద్దన్నాక మళ్లీ అడిగితే నీ మాట నేను నమ్మడం లేదని కదా! అంతకన్నా అవమానం ఉందా? నిన్ను అవమానించకూడదనే ఊరుకున్నాను. ఎంత కష్టంగా ఉండిందో తెలుసా? మూడు రోజుల నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

ఆమె గిన్నె నిండా తినడం అతను కళ్లారా చూశాడు. కానీ అనలేదు. ఆ పూట అతను చేపంతా తిన్నాడు. ఆమె ఇంకా కావాలా అని అడిగేలోపు గిన్నె ఖాళీ అయింది.

ధూమ్రకేశుడి సంగతి విరజే చెప్పింది. అతను ఈ తీరం వాడే. చిన్నప్పటి నుంచీ ఒక్కసారే అడగడం, చెప్పినదాన్ని చెప్పినట్టు చెయ్యడం అలవాటు. సముద్రాల అవతల జనం నోటితో ఒకటీ మనసులో ఒకటీ పెట్టుకుంటారని తెలిశాక, దాన్ని మాయకి వాడుకున్నాడు. శిల్పులకి కూలి ఇవ్వకుండా మండపం కట్టేశాడు. తన మాయని తీసెయ్యమని అడిగినవాణ్ని కూడా రాయి చేస్తాడు. అతని ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ సంగతి దాచడు కూడా. చిలకని పట్టుకోబోయినవాడు బూడిదైపోతాడు. దానంతటది వచ్చి చేతి మీద వాలాలి.

"పండు ఆశ చూపిస్తే?"

"మా వాళ్లు ఎంతోమంది వెళ్లి పెట్టి చూశారు. తినదు. నువ్వు ముందు గుమ్మంలోనే రాయి కాకుండా చూసుకో. కావాలి అను."

"కా…"

"గట్టిగా అను."

అతను గోడకి చెప్పాడు, విరజ గుర్రానికి చెప్పాడు, సముద్రానికి చెప్పాడు. మనిషి మొహం చూసేసరికి మాట ఎండల మీదికి మళ్లేది. విందు రోజు దగ్గర పడింది. ఇక ఆగడానికి లేక, విరజ తన పడవలో అతన్ని ఏడో సముద్రం దాటించింది.

మండపం నిండా స్తంభాలు. ప్రతి స్తంభానికీ ఒక మొహం, ప్రతి మొహం మీదా ఒక మర్యాదైన చిరునవ్వు. నడుమ ఒక స్తంభం దగ్గర శశికేతు ఆగిపోయాడు. రత్నకేతు! చేతులు జోడించి, కాస్త ముందుకి వంగి ఉన్నాడు. మాయావి తన ఉత్తరీయం ఆయన వేళ్లకి తగిలించాడు. వంటింటి వైపు గంప కింద కోడిపుంజు కొట్టుకుంటోంది. వంటవాడు కత్తి నూరుతున్నాడు.

మండపం చివర ధూమ్రకేశుడు. పొగలాంటి జుట్టు, ఎండుపుల్లలాంటి ఒళ్లు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. కొక్కేనికి వేలాడే వెండి వలయంలో ఒక చిలక. అది అతనికన్నా బక్కగా ఉంది. మాయావి దానికి జామపండు చూపించి, "తింటావా?" అన్నాడు.

"వద్దులెండి. ఇప్పుడే అయింది" అంది చిలక.

"సరే" అని పండు పక్కన పడేశాడు. అక్కడ చాలా పళ్లు ఎండిపోయి ఉన్నాయి.

ఆ 'వద్దులెండి'ని శశికేతు ఎక్కడున్నా గుర్తుపడతాడు. అది వరిగొండ చిలక! పొలాల మీద పట్టి తెచ్చి ఉంటారు. మాయావి రోజూ అడుగుతున్నాడు. రోజుకి ఒక్కసారే అడుగుతున్నాడు. పాపం ఆ పక్షి రాలిన గింజలేరుకుంటూ, రెండో అడుగు కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో!

మాయావి ఇటు తిరిగాడు. "నీకేం కావాలి?" అన్నాడు విరజతో.

"కూర్చోడానికి పీట కావాలి" అందామె. పీట వచ్చింది. కూర్చుంది.

"నీకేం కావాలి?"

"అబ్బే…" అనేశాడు శశికేతు. అలవాటు! పాదాలు చల్లబడ్డాయి. చీలమండల దాకా రాయైపోయాడు. విరజ పీట మీంచి లేచింది. చల్లదనం పిక్కల మీదికి పాకుతుండగా శశికేతు కళ్లు మూసుకుని, మనిషికి కాదు, సముద్రానికి చెబుతున్నట్టు అరిచాడు.

"కావాలి! ఆ చిలకకి నా చేత్తో పండు పెట్టాలి! అది అయ్యేదాకా నన్నెవరూ ఆపకూడదు! అదీ నాకు కావాల్సింది!"

చల్లదనం దిగిపోయింది. మాయావి నవ్వాడు. "పెట్టుకో. అది తినదు."

శశికేతు జామపండు తీసుకుని చిలక ముందు వంగాడు. "ఒక ముక్క రుచి చూస్తారా?"

"వద్దులెండి" అంది చిలక. కానీ తల కొంచెం పక్కకి తిప్పింది.

"ప్రయాణం బాగా జరిగిందా? తమరిది ఏ పొలమో?"

"నల్లచెరువు కింద పొలాలండి. అక్కడ కంకులు బాగుండేవి" అంది చిలక.

"అయ్యా, నూరడం అయింది. కోసెయ్యనా?" అని వంటవాడు కేకేశాడు. "కొయ్" అన్నాడు మాయావి. గంప లేచిన చప్పుడైంది. "త్వరగా అడుగు!" అని విరజ పళ్లు కొరికింది.

"తొందరపెడితే అడిగినట్టు కాదు" అన్నాడు శశికేతు మెల్లగా. మొహం మీద చిరునవ్వు చెదరలేదు. "మా తోటలోది కాకపోయినా మంచి కాయేనండి. ఒక్క ముక్క?"

"అబ్బే, ఇప్పుడే అయింది."

"అవునవును. మీ వైపు ఈసారి వానలెలా ఉన్నాయో!"

"వినడమే గాని చూసి చాలా ఏళ్లయిందండి."

కోడిపుంజు గొంతు చించుకుని అరిచింది. విరజ వంటింటి వైపు పరుగెత్తింది. "కత్తి నాకు కావాలి!" అన్న ఆమె కేక వినపడింది. ఆ ఇంట్లో అడిగింది ఇవ్వాలి కాబట్టి వంటవాడు ఇచ్చేశాడు. కానీ ఇంకో కత్తి తీశాడు. శశికేతు అటు తిరగలేదు. తిరిగితే మాట మధ్యలో మొహం చాటేసినట్టవుతుంది.

"నా కోసం, ఒక్క ముక్క పుచ్చుకోకపోతే నేను చాలా బాధపడతాను" అన్నాడు. నిజంగానే కళ్లల్లో నీళ్లున్నాయి.

చిలక అతని మొహం కేసి చూసింది. "మీరు అంతగా అంటున్నారు కాబట్టి" అంది. వలయం మీంచి ఎగిరి అతని మణికట్టు మీద వాలి, జామపండుని గింజ మిగలకుండా తింది.

అది తింటున్నకొద్దీ మాయావి బుగ్గలు పూడుకొచ్చాయి. కళ్లల్లోకి వెలుగొచ్చింది. పొట్ట పట్టుకుని చూసుకున్నాడు. ప్రాణం ఆ చిలకలో పెట్టాక అతనికి కడుపు నిండడం అదే మొదలు. ఆ తర్వాత, తన ప్రాణం ఎవరి చేతి మీద ఉందో గుర్తొచ్చింది.

"నా చిలక నాకు కావాలి!"

"నా అన్నలూ, ఈ స్తంభాలన్నీ మనుషులు కావాలి. వంటవాణ్ని ఆగమను" అన్నాడు శశికేతు. రెండోసారి 'కావాలి' అనడం కాస్త తేలిగ్గా ఉంది.

ధూమ్రకేశుడు ఇంకేం చేస్తాడు? చెయ్యి విదిల్చాడు. వంటవాడి చంకలో మీనకేతు ప్రత్యక్షమై ఇద్దరూ కింద పడ్డారు. స్తంభాలు ఊపిరి తీసుకున్నాయి. రత్నకేతు వేళ్లకున్న ఉత్తరీయాన్ని చూసి, "ఇది ఎవరిదో, పోగొట్టుకున్నట్టున్నారు" అన్నాడు. అప్పుడు పైకప్పు చిటపటలాడింది. స్తంభాలు లేని మండపం ఎంతసేపు నిలబడుతుంది? జనమంతా గుమ్మం దాకా పరుగెత్తి అక్కడ ఆగిపోయారు.

"తమరు ముందు."

"అబ్బే, పెద్దవారు, తమరు ముందు."

"ఎంతమాట! తమరి తర్వాతే."

విరజ వచ్చి వీపుల మీద చెయ్యేసి అందర్నీ వరసగా బయటికి తోసింది. ఆఖరివాడు బయటపడ్డాక కప్పు కూలింది. అందరూ ఆమె మోటుతనానికి మనసులో చాలా నొచ్చుకున్నారు.

చిలకని మాత్రం శశికేతు తిరిగి ఇవ్వలేదు. అదే రానంది. "అయితే నేనెలా బతకాలి?" అన్నాడు మాయావి. "మేం రోజూ మూడుసార్లు అడిగి పెడతాం. నీకు ఇక్కడ కడుపు నిండుతూ ఉంటుంది" అన్నాడు శశికేతు. అలాగే జరిగింది. రెండు నెలల్లో ధూమ్రకేశుడు బొద్దుగా తయారై, మధ్యాహ్నాలు నిద్రపోవడం అలవాటు చేసుకుని, మంత్రాలన్నీ మరిచిపోయాడు.

తిరుగు దారిలో మెట్టరేవులో శశికేతు విరజ ముందు నిలబడ్డాడు. ఆమె తండ్రి ఆరోగ్యం అడిగాడు. గుర్రం ఆరోగ్యం అడిగాడు. పడవ ఎలా ఉందని అడిగాడు.

"ఇంకా ఏమైనా ఉందా? తాడు పేనాలి" అంది విరజ.

"మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది."

"సరే."

ఆమె మొదట కాదంటుందని శశికేతు ఒక జవాబు, రెండోసారీ కాదంటుందని ఇంకా మంచి జవాబు దారి పొడుగునా తయారు చేసుకున్నాడు. రెండూ దండగైపోయాయి.

వరిగొండలో పెళ్లి ఘనంగా జరిగింది. నేరేడు దీవి అవ్వ వచ్చి లడ్డూలు గట్టిగా ఉన్నాయని అందరి ముందూ తిట్టిపోసింది. గూడబాతు వచ్చి వీపు గోకమంది. పెళ్లయ్యాక ముసలి రాజుగారు కిరీటం తీసి, నిండు సభలో పెద్దకొడుకుని, "నాయనా, సింహాసనం ఎక్కుతావా?" అని అడిగారు.

"అబ్బే, నాకెందుకండీ" అన్నాడు రత్నకేతు.

"సరే అయితే" అంది విరజ. రాజుగారి చేతిలోంచి కిరీటం తీసుకుని మొగుడి నెత్తిన పెట్టింది. సభ నోరు తెరిచింది. కొత్త కోడల్ని అందరి ముందూ కాదంటే బాగుండదని రాజుగారు ఊరుకున్నారు. మీనకేతుని అడిగితే "మీ ఇష్టం" అన్నాడు. ఆ మాట అన్నాక భయంగా తన చేతులు చూసుకున్నాడు.

శశికేతు, విరజ చాలాకాలం చల్లగా రాజ్యం చేశారు. పిల్లా జెల్లా కలిగారు. రత్నకేతు ఊరి బయట జామతోట వేసుకుని అందులోనే ఉండిపోయాడు. ఏటా కాయ పక్వానికి వచ్చే రోజుల్లో శశికేతు అక్కడికి వెళ్లి, అన్న పక్కన కూర్చుని అడిగేవాడు. "అన్నయ్యా, రాజ్యం నీది. తీసుకుంటావా?"

"వద్దురా."

కాసేపు పురుగుల గురించి, వానల గురించి మాట్లాడుకునేవాళ్లు. మళ్లీ అడిగేవాడు. అన్న వద్దనేవాడు. చెట్ల మధ్య నడిచి వచ్చి మూడోసారి అడిగేవాడు. రత్నకేతు మూడోసారీ వద్దనేవాడు. అప్పుడు మాత్రం కాస్త నవ్వేవాడు.

ఇంటికొచ్చి శశికేతు అడిగేవాడు. "నిజంగానే వద్దంటున్నాడంటావా?"

"వద్దన్నాడుగా" అనేది విరజ.

ఆమెకి ఆ మాటతో సరిపోయేది. అతనికి సరిపోయేది కాదు. ఏడు సముద్రాలు దాటాడు, మాయావిని గెలిచాడు, కావాలి అనడం నేర్చుకున్నాడు. ఎదుటి మనిషి వద్దన్నప్పుడు అది నిజంగా వద్దో, కాదో తెలుసుకోవడం మాత్రం శశికేతుకి చివరిదాకా రాలేదు.